దించిన బరువు

దిల్‌సుఖ్‌నగర్‌లో మా పై వాటాలో కిరాయికున్నాయన దూరదేశాల విమానాలకు దారులు నిర్ణయించే ఉద్యోగి. దారి పొడుగైతే ఇంధనం చాలదు, బరువు దించాలన్నది ఆయన ఊతపదం. చుట్టాలింటికి పోయినా అదే మాట.

తెలంగాణ ఉద్యమం రోజుల్లో ఒకసారి మా అమ్మాయికి ఎల్బీనగర్‌లో పరీక్ష. ఆయన స్కూటర్ మీద ముగ్గురం బయలుదేరితే కొత్తపేటలో రాస్తారోకో. నాగోల్ నుంచి చుట్టు తిరగాలి. బంకులు మూసేశారు, ట్యాంకులో పెట్రోలు తక్కువ.

"అన్నా, బరువు దించాలె," అన్నాడు.

నేను అమ్మాయి పుస్తకాల సంచీ అందుకున్నాను.

"సంచి కాదన్నా, మీరు."

"దిగు నాన్నా, టైమైతుంది!" అంది అమ్మాయి.

ఇంటి ఓనర్‌ను నడిరోడ్డు మీద దించేసి పోయాడు. నడిచొచ్చి మా ఆవిడతో మొరపెట్టుకున్నాను.

"పరీక్షకు అందుకుందా?"

"అందుకుందట. ఫోన్ చేసింది."

"మరి సరైనోణ్నే దించిండు కదా!"

ఆయన ఊతపదంతో పాటు ఆ మాట కూడా నేను మరిచిపోలేదు.