పటికబెల్లం శిక్ష

బడి నన్ను ఎప్పుడో మధ్యలోనే సాగనంపింది. అలాంటి నన్ను కౌలాలంపూర్‌లో పిల్లలు "సార్" అని పిలుస్తారు. బ్రిక్‌ఫీల్డ్స్ అనే పేటలో ఒక హోటల్లో వంట చేస్తాను. ఆదివారం సెలవు కదా అని ఇక్కడి తెలుగు పిల్లలకు అక్షరాలు నేర్పుతాను. జీతం లేని కొలువు కాబట్టి ఏం చదివావని ఎవరూ అడగలేదు.

నాతో పాటు నేర్పేది రిటైరైన ఒక పంతులమ్మ. ఊరికి దూరంగా బటాంగ్ బెర్జుంటై అనే చోట కూలీల తోటల్లో పుట్టింది. వాళ్ల తాతలు మా శ్రీకాకుళం వైపు వాళ్లే. మా వైపు అక్కని పిలిచినట్టే ఆవిడని "అప్పా" అంటాను. మాట మా వైపుదే అయినా, చివర ఇక్కడి వాళ్లలా "లా" తగిలిస్తుంది.

మా క్లాసుకి ఒక కట్టుబాటు ఉంది. తమిళమో మలాయో నోరు జారితే నోట్లో పటికబెల్లం ముక్క పెడతాం. అది కరిగేదాకా మాట్లాడకూడదు. దెబ్బ వేస్తే ఏడుస్తారని అప్ప కనిపెట్టిన శిక్ష ఇది. అయితే మా క్లాసులో ఒక గడుగ్గాయి ఉంది. పటికబెల్లం డబ్బా కనిపిస్తే చాలు, కావాలనే తమిళం అందుకుంటుంది. కరిగీ కరగకముందే ఇంకో ముక్క కోసం చెయ్యెత్తుతుంది.

ఆ ఆదివారం పిల్లల్ని వ్యానులో అప్ప పుట్టిన తోటకే తీసుకెళ్లాం. కూలీల ఇళ్ల వరసలో ఇంకా తెలుగు మాట్లాడే ముసలమ్మలు ఉన్నారు. వాళ్లతో పిల్లల చేత కబుర్లు చెప్పించాలని మా ఆశ. భోజనాలయ్యాయి. ఆకాశం నల్లబడింది. వాన రాకముందే బయలుదేరదామని పిల్లల్ని వ్యాను దగ్గరికి పిలిచాం.

అందరిలోకీ చిన్నపాప లేదు.

"ఏటి తమ్ముడూ, పాపేది?" అంది అప్ప.

"నీ కాడే ఉన్నాది కదప్పా!"

"నా కాడ లేదు లా! నీ కాడుందనుకున్నాను."

ఇళ్ల వెనకే ఆయిల్‌పామ్ తోట. ఎటు చూసినా ఒకేలాంటి చెట్లు, వాటి మధ్య లోతైన మురుగు కాలవలు. పైన ఎక్కడో అప్పటికే వాన పడినట్టుంది, కాలవలో నీళ్లు ఎర్రగా సుడి తిరుగుతున్నాయి.  

జేబులో ఫోను మోగింది. పాపని తల్లి తను లేకుండా బయటికి పంపడం అదే మొదటిసారి. "అన్నా, పాప ఫోటో ఒకటి పెట్టరా?" అని మెసేజ్. ఏం పెట్టను?

"పాపని ఎవలు సూసినారు? సెప్పండమ్మా!" అప్ప పిల్లల వైపు తిరిగింది.

పిల్లలు బిక్కమొహాలు వేశారు. మా గడుగ్గాయి మాత్రం చెయ్యెత్తింది. బుగ్గ ఉబ్బి ఉంది.

"నీకిప్పుడు ఇంకో ముక్క కావాలా? దించు సెయ్యి!" అని అప్ప కసిరింది.

చెయ్యి దిగలేదు. రెండో చెయ్యీ లేచింది. కళ్లలో నీళ్లు తిరుగుతున్నాయి. బెల్లం కోసం ఏడ్చే పిల్ల కాదే అది! ముసలమ్మల ముందు తమిళం మాట్లాడిందని భోజనాల దగ్గర నేనే పెద్ద ముక్క పెట్టానని అప్పుడు గుర్తొచ్చింది. దాని మూతి కింద అరచెయ్యి పట్టాను.

"ఉమ్మేయమ్మా. ఏ బాసైనా పరవాలేదు, సెప్పు!"

సగం కరిగిన ముక్క నా చేతిలో పడింది. "ఆట్టుకుట్టి పిన్నాడి పోనా, సార్! అంద పక్కం!"

హోటల్లో రోజూ తమిళం వింటాను కాబట్టి అర్థమైంది. పాప మేకపిల్ల వెనకాల వెళ్లింది. గడుగ్గాయి వేలు చూపిన వైపు పరిగెత్తాను. తోటలో నాలుగు వరసలు దాటగానే మేకపిల్ల అరుపు వినిపించింది. అది కాలవకి అవతల ఉంది. పాప ఇవతల గట్టున బోర్లా పడుకుని, దానికి ఆకు అందిస్తూ నీళ్లమీదికి వంగుతోంది. పిలిస్తే ఉలిక్కిపడి జారిపోతుందేమో. అడుగులో అడుగు వేసుకుంటూ వెనకనుంచి వెళ్లి, గౌను పట్టుకుని ఇవతలికి లాగేశాను. "మేక!" అని ఏడ్చింది. ఆ రోజు అది మాట్లాడిన చక్కటి తెలుగు ముక్క అదొక్కటే.

వాన మొదలైంది. పాపని ఎత్తుకుని వ్యాను దగ్గరికి వచ్చేసరికి గడుగ్గాయి అప్ప ముందు నిలబడి ఉంది. కళ్లు తుడుచుకుని, నోరు తెరిచింది. తమిళం మాట్లాడింది కదా మరి, శిక్ష పడాలి.

 అప్ప డబ్బా మొత్తం దాని చేతుల్లో పెట్టేసింది.

"అందరికీ పంచు. తింటా మాటాడండి. నోరు మూసుకున్నోళ్లకి మాత్రం లేదు లా!"

తల్లికి ఫోటో పంపాను. అందులో పాప ఏడుస్తూనే ఉంది, బుగ్గ మాత్రం ఉబ్బి ఉంది.