ఈ వారం ఏం తప్పులు తెచ్చినారు?

మా కింది పోర్షన్‌లో ఉండే మేడమ్ పోయారు. ఆదివారం పొద్దున్నే మేడమ్ క్లాసు కోసం యూనివర్సిటీ క్యాంపస్‌కు వెళ్లిన మా అమ్మాయి అక్కణ్నుంచి నాకు ఫోన్ చేసింది. "డాడీ, మేడమ్ ఇంకా రాలే. ఫోన్ ఎత్తుతలేరు. జర కిందికి పోయి చూడవా?" అన్నది. నేను దిగేసరికి తలుపు తీసే ఉంది. మేడమ్‌తో పాటు ఉండే వాళ్ల అక్క గోడవారగా కుర్చీలో కూర్చుని ఉన్నారు. "పిలిస్తే పలకలేదు నాయనా" అన్నారు. లోపలికి వెళ్లి చూశాను. నిద్రలోనే పోయారు.

అవతల క్యాంపస్‌లో పిల్లలంతా ఎదురు చూస్తున్నారు. వాళ్లకు చెప్పాల్సింది నేనే. నాకు అసలే మాటలు తక్కువ. మా అమ్మాయికి ఫోన్ చేసి "అందరూ మనింటికి రండి" అని మాత్రం అనగలిగాను. "సరే డాడీ" అన్నది. ఎందుకని అడగలేదు.

మేడమ్‌ది కర్నూలు వైపు. ప్రభుత్వ జూనియర్ కాలేజీలో బాటనీ చెప్పి రిటైరయ్యారు. తార్నాకలో మేం ఆ ఇంటి పై వాటాలో అద్దెకు దిగేనాటికే ఆమె కింద ఉండేవారు. నేను లాలాపేట్‌లో ఒక హార్డ్‌వేర్ షాపులో రోజువారీ లెక్కలు రాస్తాను. బడి సగంలో ఆగింది, మిగతాది సొంతంగా నేర్చుకున్నదే. అందుకని చదువుకున్నవాళ్ల గడప తొక్కాలంటే నాకు కొంచెం బెరుకు. మేడమ్ ఆ బెరుకు చూసి కూడా చూడనట్టు ఉండేవారు. నేను గేటు తీస్తుంటే "టీ తాగిపో నాయనా, పాలు ఎక్కువ పోయించుకున్నా" అనేవారు. ప్రతిసారీ అదే మాట. ఆ ఇంట్లో పాలు ఎప్పుడూ ఎక్కువే.

ఆదివారం పూట ఆమె క్లాసు క్యాంపస్‌లో ఒక పాత భవనం మెట్ల మీద. డాక్టరు చదువు కోసం నీట్ రాయబోయే ఇంటర్ పిల్లలు సీతాఫల్‌మండి నుంచి, మాణికేశ్వర్ నగర్ నుంచి వచ్చేవాళ్లు. మేడమ్ అందరికంటే ముందే వెళ్లి, పాత పేపరుతో మెట్లు తుడిచి, ఉడకబెట్టిన వేరుశనక్కాయల డబ్బా పక్కన పెట్టుకుని కూర్చునేవారు. పిల్లలు రాగానే "ఈ వారం ఏం తప్పులు తెచ్చినారు?" అని అడిగేవారు. సంతకు పోయి వచ్చినవాళ్లను ఏం కూరలు తెచ్చినారని అడిగినట్టే ఉండేది. కాలేజీ టెస్టులో ఎవరికెన్ని మార్కులని మాత్రం ఆమె అడగగా నేను వినలేదు.

ఆమె పద్ధతి వేరు. ప్రశ్నలు ఆమె ఇచ్చేవారు కాదు, పిల్లలే తయారు చేయాలి. ఒక ప్రశ్న, నాలుగు జవాబులు. సరైన జవాబు పుస్తకంలోనే ఉంటుంది కాబట్టి దాని గురించి ఆమెకు పట్టింపు లేదు. మిగతా మూడూ చూసేవారు. చదివిన పిల్లలు కూడా వాటిని నమ్మి మోసపోవాలి. ఎదుటివాళ్లను పడగొట్టగలిగితే గుప్పెడు కాయలు ఎక్కువ.

మా అమ్మాయి ఆ మెట్ల దగ్గరికి చేరడం వెనక ఒక కథ ఉంది. అప్పుడు ఇంటర్ మొదటి సంవత్సరం. వాళ్ల కాలేజీలో మార్కులను బట్టి సెక్షన్లు. ఒక పెద్ద మాదిరి పరీక్షలో ఈమె తెలియని ప్రశ్న ఒకటి వదిలేసింది. జవాబు కాగితం మీద మాత్రం ఆ వరసను వదలడం మరిచిపోయింది. అక్కణ్నుంచి జవాబు గుర్తుగా దిద్దిన ప్రతి సున్నా ఒక వరస పైకి పడింది. తప్పుకు మార్కు కోసే పరీక్ష అది. పేరు బోర్డు మీద అడుగుకు పోయింది, మనిషిని కింది సెక్షన్‌కు పంపారు. ఇంటికొచ్చి పుస్తకాలు మంచం కిందికి తోసింది. "నేను నీట్ రాయ డాడీ. డిగ్రీల చేరత" అన్నది. చిన్నప్పటి నుంచి డాక్టరునైతానని తిరిగిన పిల్ల. ఊరికే తలుపు దగ్గర నిలబడ్డాను.

మర్నాడు మేడమ్ దగ్గరికి వెళ్లి కూడా అలాగే నిలబడ్డాను. ఆమే అడిగి తెలుసుకున్నారు. "రాయకపోతే రాయకపోనీలే. ఆదివారం మాత్రం పంపు, బుడ్డలు తినిపోతుంది" అన్నారు. కర్నూలు వైపు వేరుశనక్కాయలను అలాగే అంటారు.

మా అమ్మాయి ఒక్కతే పోనంటే నేనూ వెళ్లాను. కొంచెం ఎడంగా కూర్చున్నాను. మా అమ్మాయి వంతు వచ్చింది. అక్కడే కూర్చుని కాగితం మీద రాసుకున్నది తల ఎత్తకుండా చదివింది. "ఉల్లిగడ్డల మనం తినేది ఏది? వేరు, కాండం, ఆకు, మొగ్గ."

"గిది కూడా ఒక ప్రశ్ననా? కాండం" అన్నాడు మాణికేశ్వర్ నగర్ పిల్లాడు, డబ్బాలో చెయ్యి పెడుతూ. మిగతావాళ్లూ కాండమే అన్నారు.

"ఆకు" అన్నది మా అమ్మాయి. "కాండం అడుగున బిళ్ల లెక్క చిన్నగ ఉంటది. మనం తినే పొరలన్నీ ఆకులే."

"చెయ్యి తియ్యి అబ్బోడా" అన్నారు మేడమ్ ఆ పిల్లాడితో. తర్వాత ఈమె వైపు తిరిగి, "ఏం మే, కాండం అని రాస్తే వీళ్లంతా పడతారని నీకెట్లా తెలుసు?" అన్నారు.

"నేనే టెస్టుల అదే పెట్టిన మేడమ్."

"మరి ఇంకేం కావాల? నువ్వు పడిన చోటు కాబట్టే గుంత ఎంత లోతో నీకు తెలుసు." డబ్బా మొత్తం ఆమె ఒళ్లో పెట్టారు. ఆ పిల్లాడు "అన్యాయం మేడమ్, పడ్డోళ్లకు కూడా ఆకలైతది" అన్నాడు. మా అమ్మాయి నవ్వింది. ఎన్నాళ్లకో విన్నాను ఆ నవ్వు. క్యాంపస్ దాటి తార్నాక సిగ్నల్ దాకా నడిచొస్తూ కాయలు ఒలుచుకుంటూ వచ్చింది, నాకూ పెట్టింది. సోమవారం కింది సెక్షన్‌కే పేచీ పెట్టకుండా వెళ్లింది. ఆ తర్వాత ఏ ఆదివారమూ మానలేదు.

ఇప్పుడు ఇంటర్ పూర్తయింది. నీట్ దగ్గర పడుతుండగా మేడమ్ పోయారు. వాళ్ల అక్క ఆమెను సొంతూరికి తీసుకెళ్లారు. కింద తలుపుకు తాళం పడింది. మా అమ్మాయి పుస్తకం ముట్టలేదు. వాళ్లమ్మ ఏమన్నా అంటే "ఇప్పుడు రాసి ఎవరికి చూపియ్యాలె?" అన్నది.

ఒకరోజు షాపు నుంచి పెందలాడే వచ్చి, ఆమె బాటనీ పుస్తకం తీసి నేనే ఒక పాఠం చదివాను. సగం అర్థమైంది. కాగితం మీద ఒక ప్రశ్న రాసి ఆమె ముందు పెట్టాను. "చెట్టు దేనితో గాలి పీల్చుకుంటది? ఆకులు, వేర్లు, పూలు, ముక్కు."

ఆమె ఆ కాగితం తీసి చూసింది. "డాడీ, ముక్కు అని ఎవరన్న పెడతరా?"

"నాలుగోది దొరకలే బిడ్డా."

"అదే కాదు. వేర్లు కూడా పీల్చుకుంటయి, పూలు కూడా. నీ ప్రశ్నల మూడు జవాబులు కరెక్టే ఉన్నయి. మేడమ్ చూస్తే నీకు ఒక్క కాయ కూడా ఇయ్యకపోతుండె." అని పెన్ను తీసుకుంది. ఒక్కోటీ కొట్టేసి, కింద సరిగ్గా రాసి చూపించింది. అది ఎందుకో, ఇది ఎందుకు కాదో నాకు చెప్పుకొచ్చింది. చెబుతూ చెబుతూ పుస్తకం తన వైపు తిప్పుకుంది. నేను లేచినా చూసుకోలేదు.

పరీక్ష రోజు సెంటరు దగ్గరికి తీసుకెళ్లాను. ఒంటి మీద ఏ నగా ఉండకూడదని గేటు దగ్గర చెబుతున్నారు. కమ్మలు విప్పి నా చేతిలో పెట్టింది. జడ క్లిప్పు కూడా తీసి పెట్టింది. "పోతున్న డాడీ" అన్నది. చెప్పులు ఈడ్చుకుంటూ వరసలో కలిసింది, వెనక్కి చూడలేదు.

గేటు మూశారు. ఎండ బాగా ఉంది. నా పక్కన ఒకాయన చేతిలో గాజులున్నాయి, ఇంకొకాయన వేలికి ఎవరిదో మొలతాడంత సన్నటి గొలుసు చుట్టుకుని ఉంది. ఎవరూ నీడకు పోలేదు. అందరి గుప్పిళ్లూ మూసే ఉన్నాయి.