కంఠతా వచ్చిన హెచ్చరిక

మొన్న మంగళవారం మా పక్కింటి డ్రైవర్ మావయ్య పోయారు. కడుపులో పుండు పగిలి నెత్తురు కక్కుకున్నారు. మోకాళ్ల నొప్పికని రోజూ పరగడుపున మింగిన మాత్రే ఆ పని చేసిందన్నాడు డాక్టరు. అప్పటినుంచీ నాకు భయంగా ఉంది.

మావయ్య గూడ్సు బండ్లు నడిపి రిటైరై ఈ హిందీ ఊళ్లోనే, మా లాల్‌ఖదాన్‌లో ఇల్లు కట్టుకున్నారు. మా నాన్న పోయాక గ్యాసు బండ దగ్గర్నుంచి నా కాలేజీ దాకా అన్నిటికీ ఆయనే వచ్చేవారు. ఆయన లేకపోతే నా చదువు లేదు. ఇంజన్లో డ్రైవరూ అసిస్టెంటూ ప్రతి సిగ్నలూ ఒకరికొకరు పైకి చెప్పుకోవాలట. ఆ అలవాటుకొద్దీ రోడ్డు దాటేటప్పుడు కూడా "కుడి ఖాళీ, ఎడమ ఖాళీ" అనేవారు.

ఆ మాత్ర ప్రకటన టీవీలో పొద్దస్తమానం వచ్చేది. కుంటుకుంటూ వచ్చిన తాత మాత్ర వేసుకుని మనవరాలితో గంతులేస్తాడు. వెనక పాట. చివర్లో ఊపిరి తీసుకోకుండా ఒక ముక్క: "ఖాలీ పేట్ న లే, డాక్టర్ సే పూఛే." పరగడుపున వేసుకోవద్దు, డాక్టర్ని అడగండి అని. మాకందరికీ పాటే గుర్తుండేది. మావయ్య ఆ ముక్క కూడా టీవీ కన్నా ముందే అనేసేవారు.

"సూసావా అమ్మీ, మంచేమో పాట కట్టి సెప్తాడు, సెడ్డేమో పరిగెత్తించీసి సెప్తాడు" అని నవ్వేవారు.

ఇంజన్లో ఎప్పుడైనా భయమేసిందా అని ఓసారి అడిగాను.

"ఓ పాలి నాను గ్రీన్ అన్నాను, మా అసిస్టెంటూ గ్రీన్ అన్నాడు. ఎదర సూస్తే రెడ్డు! రోజూ గ్రీనే కదా, నోరు దానంతటదే అనేసింది. బ్రేకేసీసాను, రెడ్డు ముందే ఆగింది. నోటికొచ్చింది కదా అని బుర్రకెక్కిందనుకోకు" అన్నారు.

అంత తెలిసిన మనిషి, చలికాలం పొద్దున్నే మొహం కడుక్కుని, "ఖాలీ పేట్ న లే" అని రాగం తీస్తూనే మాత్ర నోట్లో వేసుకునేవారు. అత్త నవ్వేది. అన్నిసార్లు విన్నాక అదీ పాటలో చివరి చరణమైపోయింది కాబోలు.

ఇవాళ పొద్దున్న అమ్మ పక్కింట్లో అత్త దగ్గర్నుంచి వచ్చి మంచం మీద కూలబడింది. నిన్నటినుంచీ ఏమీ తినలేదు. "ఏటోనే, కాళ్లు లాగేస్తన్నాయి" అంటూ దిండు కింద నుంచి మాత్రల షీటు తీసింది. అదే మాత్ర.

"అమ్మా! మావయ్య దేంతో పోయారు?"

"అచ్ఛా, నాకు తెల్దేటి? ఖాలీ పేట్ న లే" అంది, అదే రాగంలో, మాత్ర అరచేతిలోకి వొలుచుకుంటూ.

గబుక్కున అమ్మ మణికట్టు పట్టుకున్నాను. వదలమని కసిరింది. వదల్లేదు. బలవంతంగా పిడికిలి విప్పేసరికి చెమటకి మాత్ర రంగు ఊడి, అమ్మ అరచెయ్యంతా గులాబీగా అంటుకుని ఉంది.