పడమర: ఇతరుల స్థలం

2018లో కామారెడ్డికి కొత్త జిల్లా ఊపు ఇంకా తగ్గలేదు. రిజిస్ట్రేషన్ ఆఫీసు దగ్గర రేకుల షెడ్డులో నేను డాక్యుమెంట్ రైటర్‌గా కూర్చునేవాణ్ణి. ఇల్లో ప్లాటో చేతులు మారితే ఆ దస్తావేజు రాసిపెట్టడం నా పని. మాది ఎల్లారెడ్డి. పొట్ట చేతబట్టుకొని వచ్చి అప్పటికే పద్దెనిమిదేళ్లు.

తాడ్వాయి పోయే దిక్కున పాత వాడ ఒకటుండేది. మట్టిగోడలు, పెంకుటిళ్లు, మోరీల కంపు. ఆటోవాడు కూడా లోపలికి రానని మూలమీదే దింపేసేవాడు. జిల్లా ఆఫీసులు ఆ దిక్కుకే వస్తాయని ఎవడు పుట్టించాడో గానీ, ఆ మాట పుట్టాక వాడ రాత మారింది. భిక్నూర్ నుంచి, ఎల్లారెడ్డి నుంచి పిల్లల చదువుల కోసం వచ్చేవాళ్లు, టీచర్లు, గల్ఫ్ నుంచి తిరిగొచ్చినవాళ్లు అక్కడే కొనడం మొదలుపెట్టారు. అమ్మబోతే అడవి, కొనబోతే కొరివి అంటారు. ఆ వాడలో మాత్రం అమ్మేవాడు చెప్పిందే ధర. నాకూ చేతినిండా పని. సంతోషంగానే ఉన్నాను, దాచుకోవడమెందుకు!

ఇక్కడ నా వృత్తి గురించి ఒక మాట చెప్పాలి. ప్రతి దస్తావేజు చివర షెడ్యూల్ అని ఉంటుంది. అమ్మే స్థలం ఎన్ని గజాలో, దానికి నాలుగు దిక్కులా ఎవరెవరున్నారో అందులో రాస్తాం. కొలతకూ హద్దుకూ తేడా వస్తే మామూలుగా హద్దుకే విలువ. నాకు పని నేర్పిన పెద్దాయన ఇది మొదటిరోజే చెప్పాడు. "టేపు పట్టేటోడు తప్పు పట్టొచ్చు బిడ్డా, పక్కింటోడు ఎటు పోతడు? పోయి చూసి రాయి" అనేవాడు. మొదట్లో సైకిలేసుకొని పోయి చూసేవాణ్ణి. గిరాకీ పెరిగాక పోవడం మానేశాను.

ఆ వాడలో మౌలాలి అనే దూదేకులాయన ఇల్లు ఉండేది. ఉత్తరాన గల్లీ, మిగతా మూడు దిక్కులా వేరేవాళ్ల స్థలాలు. ఆయన పోయాక భార్య హుస్సేన్‌బీ ఒక్కతే ఇంటికి తూర్పున, గుమ్మం ముందున్న వాకిట్లో దూది ఏకి, పరుపులూ బొంతలూ కుట్టి బతికేది. చుట్టుపక్కల స్థలాలన్నీ అప్పట్లో తెల్లకాగితాల మీద కొన్నవే. సాదాబైనామా అంటాం. ఆ తెల్లకాగితాలన్నిటిలో హద్దుగా మౌలాలి పేరుండేది.

మొదట దక్షిణం దిక్కు స్థలం ఒక టీచర్ కొన్నాడు. నేను రాసిన చిత్తు ప్రతి చదివి ముఖం ముడుచుకున్నాడు.

"గీ దూదేకులాయన పేరు ఎందుకు సార్? బ్యాంకోళ్లు చూస్తే పక్కన అన్నీ పాత కొంపలే ఉన్నయనుకుంటరు. ఇతరుల స్థలం అని పెట్టుండ్రి, సరిపోతది."

పెట్టాను. చనిపోయిన మనిషి పేరే కదా అనుకున్నాను. ఆ మరుసటేడు పడమర దిక్కు వాళ్లకూ అదే మాట కంప్యూటర్‌లో కాపీ చేసి పడేశాను. మూడోది తూర్పు స్థలం. కొన్నది శ్రీనివాస్ అని మస్కట్ నుంచి వచ్చినాయన, మా ఎల్లారెడ్డి మనిషే. మనూరోడని చాయ్ తెప్పించి మరీ రాశాను. రెండు వందల గజాలు, పడమర: ఇతరుల స్థలం.

మరో రెండేళ్లకు, ఒక ఎండాకాలం మధ్యాహ్నం హుస్సేన్‌బీ నా షెడ్డుకు వచ్చింది. అంతకుముందు ఆమెను నేను చూడలేదు. జుట్టులో, కనుబొమ్మల మీద దూది నలకలు.

"కాగితాలు తీసే సారువు నువ్వేనా కొడుకా? పొద్దుగాల తూర్పు దిక్కోళ్లు నా వాకిట్ల సున్నం గీత గీసిండ్రు. గోడ వస్తదట. కడప ముంగట మూడడుగులు మిగులుతది. నేను బొంత ఏడ పరువాలె?"

"నీ కాగితం ఉందా అవ్వా?"

"ఇంటిపన్ను రసీదులున్నయి. కాగితం చెదలు తిన్నది." ఆమె ముఖంలో దిగులు లేదు. "మా ఆయన అనేటోడు, మన కాగితం పోతే పోనియ్యే, మన పేరు మూడు దిక్కులోళ్ల కాగితాలల్ల ఉన్నది, ఎవడు మనల జరపడు అని. గవి జర తీసి సదువు."

రసీదు ఇల్లు ఉందని చెబుతుంది గానీ ఎక్కడిదాకా ఉందో చెప్పదు. హద్దే దిక్కు. ఆమె చెప్పిన గుర్తులు వింటుంటేనే అవి ఎవరు రాసినవో అర్థమైంది. మూడు దస్తావేజుల నకళ్లూ నా బీరువాలోనే ఉన్నాయి. తీసి చదివాను.

"ఇతరుల స్థలం అంటే ఎవలది?" అంది.

"నీదే అవ్వా."

"మరి మా పేరు పెట్టక గట్ల పెట్టిందెవలు?"

అబద్ధం నోటిదాకా వచ్చింది. ఎందుకో ఆమె ముందు ఆడలేకపోయాను. "నేనే రాసిన" అన్నాను.

తిడుతుందనుకున్నాను. తిడితే బాగుండేది. ఆమె మాత్రం, "అయితే నువ్వే సరిజెయ్యి కొడుకా. రాసినోనికి దిద్దరాదా?" అంది.

దిద్దడానికి రెక్టిఫికేషన్ డీడ్ అని ఒక దారి ఉంది. అంటే తప్పు సవరించే దస్తావేజు. కాకపోతే దాని మీద కొన్నవాడూ సంతకం పెట్టాలి. ఆ సాయంత్రమే శ్రీనివాస్ దగ్గరికి పోయాను. చెడ్డవాడేం కాదు, కూర్చోబెట్టి మజ్జిగ ఇచ్చాడు.

"అన్నా, కొలిపిస్తే నూట అరవై గజాలే వచ్చింది. పన్నెండేండ్లు ఎండల మాడి కొన్న జాగ. మిగతా నలభై నేను ఏడికెళ్లి తెచ్చుకోవాలె? పక్కన ఎవల పేరు లేదని మీరే రాస్తిరి గద."

"పాత తెల్లకాగితంలో మౌలాలి పేరుండె కదా. అది ఏది?"

"ఏమో, సామాను సర్దంగ ఏడ పడ్డదో."

నిజమో కాదో తెలియదు. దానికి నకలు తీసి పెట్టుకోని తప్పు మాత్రం నాదే.

ఇక ఒక్క దారి మిగిలింది. స్థలం చూడకుండా, కొన్నవాళ్లు చెప్పినట్టు హద్దు రాశానని నేను అఫిడవిట్ ఇవ్వాలి. అది పెట్టి కోర్టుకు పోతే గోడ ఆపించే ప్రయత్నం చేస్తానని తెలిసిన వకీలు చెప్పాడు. నాకు భయం పట్టుకుంది. నా మూడు దస్తావేజులూ తప్పని నేనే ఒప్పుకుంటే రేపు నా షెడ్డు మెట్లు ఎవడెక్కుతాడు? వాటి మీద బ్యాంకు లోన్లున్నవాళ్లు ఊరుకుంటారా? హుస్సేన్‌బీ వచ్చినప్పుడల్లా "రేపు రా అవ్వా" అన్నాను. నాలుగుసార్లు నడిచి వచ్చింది. ఐదోసారి రాలేదు.

నాకే మనసాగక పోయాను. ఆ వాడలో కాలుపెట్టి ఎన్నేళ్లయిందో! గోడ నా తల ఎత్తున లేచింది. ఆమె తలుపు తీస్తే ఎదురుగా సిమెంటు ఇటుకలే. లోపల బల్బు వేసుకొని మూలకు కూర్చొని బొంత కుడుతోంది, దగ్గుతోంది. ఆ రోజే అఫిడవిట్ మీద సంతకం పెట్టి వకీలుకిచ్చాను. "గోడ లేవకముందు తేవాలె. ఇప్పుడు కేసంటే ఏండ్లు పడుతది, ముసలామె తిరుగుతదా?" అన్నాడాయన. ఆమెను అడిగితే, తిరగనంది. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడం అంటే నాకు ఆ రోజు తెలిసింది. కాలింది నా చేతులు కావు, అంతే తేడా.

మరుసటేడు ఆమే మళ్లీ వచ్చింది, శ్రీనివాస్‌ను వెంటబెట్టుకొని. ఆ ఇల్లు ఆయనకే అమ్ముతోంది.

"గాలి ఆడుతలేదు కొడుకా. దూది ఏకితే ఇల్లంత నిండుతది. నస్రుల్లాబాద్‌ల బిడ్డ రమ్మంటుంది, పోత."

షెడ్యూల్ నేనే కూర్చొని రాశాను. 'దూదేకుల మౌలాలి ఇల్లుగా వాడలో అందరికీ తెలిసిన ఇల్లు' అని ఒక వాక్యం చేర్చాను. శ్రీనివాస్ చదివి, "ఇది అవసరమా అన్నా?" అన్నాడు. ఉండనీ అన్నాను. "సరే ఉండనియ్యుండ్రి. ఎల్లుండి జేసీబీ వస్తది ఎట్లయినా" అన్నాడు.

వేలిముద్ర వేసే ముందు హుస్సేన్‌బీ తన పేరెక్కడుందని అడిగింది. అమ్మేవారు అని రాసిన చోట చూపించాను. "కాగితంల నా పేరు పడుడు ఇదే మొదలు" అంది. ఇంకుప్యాడ్ ఆమె ముందుకు జరిపాను.

ఇప్పుడు ఎంత గిరాకీ ఉన్నా, స్థలం చూడందే షెడ్యూల్ రాయను. చాదస్తమని నవ్వేవాళ్లు నవ్వుతారు. పోయిన నెల మళ్లీ ఆ వాడకే పోవాల్సి వచ్చింది. రంగుల గేట్లు, ఇంటింటికీ కెమెరాలు. అమ్మకానికున్న ఇంటాయన్ని పక్కింటివాళ్ల పేరేంటని అడిగాను. మూడేళ్లుగా అక్కడే ఉంటున్నాడట.

"పేరు తెల్వది సార్" అన్నాడు. "ఎవలో వేరేటోళ్లు."

పెన్ను మూసి జేబులో పెట్టుకొని, పోయి పక్కింటి తలుపు కొట్టాను.