కింది మళ్లకు ముందు నీళ్లిచ్చిన లష్కర్

మా కాలువ లష్కర్ పోయాడు. సోమవారం పొద్దున వేములపల్లిలో ఎరువు బస్తాలు ఎక్కించుకుంటుంటే ఆటో అతను చెప్పాడు.

"పటేలా, లష్కర్ పోయిండట. మిర్యాలగూడ దవాఖానల."

"ఏ లష్కర్?"

"గట్లంటవేంది? మనకు ఎంతమంది ఉన్నరు?"

నిజమే. కాలువ వెంట తిరిగి తూములు ఎత్తి దించే మనిషి మాకు ఆయన ఒక్కడే. నేను "ఏయ్ లష్కర్" అని పిలిచేవాణ్ణి. తండా మనిషి అని ఆ 'ఏయ్' కొంచెం గట్టిగానే అనేవాణ్ణి. పోయిన మనిషి గురించి రాస్తూ అబద్ధం రాయను.

సాగర్ నీళ్లు పెద్ద కాలువ నుంచి చిన్న కాలువకు, అక్కడి నుంచి మా తూములకు వస్తాయి. పైవాడు కడుపునిండా తాగితే కిందివాడికి బురద మిగులుతుంది. ఎక్కడైనా జరిగేది అదే. మా లష్కర్ దాన్ని తిరగేశాడు. వంతు మొదలైన రోజు పై తూములన్నీ దించి, నీళ్లను పాలకీడు దిక్కు చివరి మళ్ల దాకా తోలేవాడు. అవి తడిశాక ఒక్కో తూము ఎత్తుకుంటూ మా దాకా వచ్చేవాడు. మేం పైవాళ్లం మొత్తుకునేవాళ్లం.

"నీళ్లకు కాళ్లున్నయ్ గని కండ్లు లేవు పటేలా. కండ్లు నేనే" అనేవాడు.

కాలువ కట్ట ఎక్కితే చెప్పులు చేత పట్టుకునేవాడు. ముళ్లున్నా, ఎండ కాలుస్తున్నా అంతే. కట్ట లోపల నీళ్లు ఊరితే ముందు అరికాలికి తెలుస్తదనేవాడు. ఎండ్రకాయల బొక్కలు వెతికి బంకమట్టి కూరేవాడు. దొరికిన ఎండ్రకాయలను తువ్వాలలో మూట కట్టుకుని, "కట్టకు మేలు, కడుపుకు మేలు" అని నవ్వేవాడు.

ఒక యాసంగిలో సాగర్‌లో నీళ్లు తగ్గాయి. వారం నీళ్లు, వారం బందు అన్నారు. నా వరి పొట్ట మీద ఉంది, మడి నెర్రెలు విచ్చింది. నా వంతుకు ఇంకా రెండు రోజులున్నాయి. లష్కర్ కింది మళ్ల దగ్గర ఉన్నాడు. మిట్టమధ్యాహ్నం ఇద్దరు కూలీలను పెట్టి కాలువకు అడ్డంగా ఇసుక బస్తాలు, గడ్డికట్టలు వేయించాను. నా తూము ఎత్తించాను. నీళ్లు మెరక ఎక్కి మడిలోకి దూకాయి. కూలీలను పంపేసి కట్ట మీద కూర్చున్నాను. ఆ చప్పుడు వింటుంటే గెలిచినట్టే అనిపించింది.

రెండు గంటలకు లష్కర్ వచ్చాడు. కింద నీళ్లు ఆగిపోయేసరికి అంత దూరం ఎండలో నడిచి వచ్చాడు. నాకు పది అడుగుల దూరంలో ఆగిపోయాడు.

"పటేలా, లెవ్వు. నువ్వు కూసున్న కాడ కట్ట మెత్తవడ్డది."

"తండా నుంచి వచ్చి నాకు నేర్పుతవా?"

మాట నా నోట్లో ఉండగానే నా వెనక మట్టి జారింది. చెయ్యి పట్టేంత సందు, చూస్తుండగానే మోకాలంత అయింది. నీళ్లు పక్క బీడులోకి ఉరుకుతున్నాయి. గండి పడితే కాలువ మొత్తం ఆ బీడు పాలు. వారం బందయ్యాక మళ్లీ నీళ్లొచ్చేసరికి పాలకీడు దిక్కు పైరు గడ్డే. లష్కర్ నీళ్లలోకి దూకి ఆ సందుకు వీపు ఆనించాడు.

"అడ్డం నువ్వే ఏసినవ్, నువ్వే తియ్యి! గడ్డి నాకియ్యి! జల్ది!"

నేను దిగాను. నా చేతులతోనే నా అడ్డుకట్ట పీకాను. నీటిమట్టం తగ్గేదాకా ఆయన వీపు అక్కడి నుంచి కదల్లేదు. నేను అందించిన గడ్డికట్టలు, బస్తాలు ఆ సందులో కుక్కి, పైన మట్టి తొక్కాడు. తర్వాత నా తూము దించాడు. ఒక్క తిట్టు తిట్టలేదు. తిడితే నాకు తేలికయ్యేది.

తెల్లారి ఆఫీసరు వచ్చాడు. కింది రైతులు కూడా వచ్చారు, కొందరి చేతుల్లో కట్టెలున్నాయి. నేను వాళ్ల మధ్యే నిలబడ్డాను.

"ఎవరి పని ఇది? పేరు చెప్పు. లేకుంటే రేపటి నుంచి పనిలోకి రాకు."

లష్కర్ నా దిక్కు చూడలేదు. "ఎండ్రకాయ బొక్క సార్. నేను సూస్కోలే."

నేను నోరు తెరవలేదు. ఆయన పని పోయింది. రెండు పంటల కాలం ఊళ్లల్లో వరి కోతలకు, మోతలకు పోయాడు. ఆయన లేక కాలువ ఆగమైతే కింది రైతులే ఆఫీసు చుట్టూ తిరిగి మళ్లీ తెచ్చుకున్నారు. నా వరి సగం తాలు పోయింది. ఆ తాలు గురించి ఎవరికైనా చెప్పుకోగలిగాను, దాని వెనక సంగతి మాత్రం చెప్పుకోలేకపోయాను. ఆయన ఎదురైతే "బాగున్నవా పటేలా" అనేవాడు. నేను తల ఊపి పోయేవాణ్ణి.

మంగళవారం తండాకు పోయాను. పాలకీడు దిక్కు నుంచి చాలామంది వచ్చారు. వాళ్లలో ఒక ముసలమ్మ శవం దగ్గర ఏడుస్తోంది. "ఎండ్రకాయ జేసిన పనికి నిన్ను నౌకరి నుంచి తీసిరి గదా కొడుకా!"

అక్కడి నుంచి తప్పుకుని పోవచ్చు. సాక్ష్యం చెప్పగల మనిషి చాప మీద పడుకుని ఉన్నాడు.

"ఎండ్రకాయ కాదమ్మా. నేను. కాల్వకు అడ్డం ఏసింది నేను" అన్నాను.

కిందివాళ్లలో ఒకడు నా ముందుకు వచ్చాడు. కొడతాడనుకున్నాను.

"మాకెర్కే. ఎండ్రకాయ గడ్డికట్టలు మోస్తదా పటేలా?"

"మరి ఊకున్నరేంది?"

"లష్కరన్న ఆపిండు. 'నీళ్లు గావాల్నా, పటేల్ తలకాయ గావాల్నా? రెండు ఇయ్యలేను' అన్నడు. నీళ్లు తీస్కున్నం."

ఎవరో నవ్వారు. ఆయన భార్య నవ్వలేదు. "జర లేటయింది పటేలా" అంది. అంతే అంది. ఆ మాత్రం మాట నాకు పడవలసిందే.

తిరిగి వస్తూ పొలం దగ్గర ఆగాను. కాలువ నిండుగా పారుతోంది. చివరి మళ్ల వంతు మొదటి రోజు. కొత్త లష్కర్ ఇంకా రాలేదు. నా జీతగాడు తూము దగ్గర నిలబడి ఉన్నాడు.

"పటేలా, కాపలా ఎవ్వరు లేరు. లేపుదునా?"

"నేనున్న గదరా" అన్నాను.

వాణ్ణి ఇంటికి పంపి, తూము మీద కూర్చున్నాను. కట్ట మీది తుమ్మచెట్టు పసుపుపచ్చ పూలు నీళ్లలో రాలుతున్నాయి. కొన్ని మూసిన తూము దగ్గరికొచ్చి, సుడిలో ఒక్క చుట్టు తిరిగి, దారి దొరికినట్టు పాలకీడు దిక్కు పోతున్నాయి.