ద్రోహికి ఒక గ్లాసు టీ

మా ఎలీసమ్మ పెద్దమ్మ రోజూ పొద్దున అయిదున్నరకి ద్రోహికి టీ పోస్తుంది. ద్రోహి అంటే, గురువుని ముద్దుపెట్టి మరీ అప్పగించిన ఆ శిష్యుడు. ఈస్టరుకి ముందు నలభై రోజులూ మా ఊరి ధ్యానం ఆమె వసారాలోనే. వెనక కిటికీ పక్కన ఒక నీలం ప్లాస్టిక్ కుర్చీ ఖాళీగా ఉంచుతుంది. కిటికీ గట్టు మీద పొగలు కక్కే స్టీలు గ్లాసు పెడుతుంది.

"ఆయన పోయి రెండువేల ఏళ్ళయింది పెద్దమ్మా" అన్నాను.

"అందుకేగా చక్కెర తగ్గించింది. ఆ వయసులో మంచిది కాదు."

ముందు బైబిల్లో జ్ఞానం గురించిన భాగం చదువుతుంది, తర్వాత ద్రోహం గురించినది. ఆపైన కళ్ళద్దాలు నుదుటి మీదికి తోసి కుర్చీ వైపు తిరుగుతుంది. "విన్నావా నాయనా? అంత తెలివి పెట్టుకుని ఆ పనెట్టా చేశావు? సరే, తాగు. చల్లారిపోద్ది."

అందరం కళ్ళు మూసుకుని ప్రార్థిస్తాం. ఆమెన్ అనేసరికి గ్లాసు ఖాళీ. అంచున తడి పెదవుల గుర్తు.

మొదటి వారం నవ్వుకున్నాం. రెండో వారం కుర్చీ దగ్గర దగ్గు వినిపించింది. కల్లాల్లో మిరపకాయలు ఎండే రోజులు, ఊరంతా దగ్గుతుంది నిజమే. కానీ ఆ దగ్గు మా పదకొండు మందిలో ఎవరిదీ కాదు. టైలరు మహిమ ఒక్క గెంతులో గుమ్మం దగ్గరకొచ్చి పడింది.

"యెరూషలేములో మిరపతోటలు లేవుగా. ఘాటు అలవాటు లేదు పాపం" అని పెద్దమ్మ తేల్చేసింది.

ఒకరోజు ప్రార్థన మధ్యలో కరెంటు పోయింది. మసక చీకట్లో గ్లాసు గట్టుకి తగిలి టింగుమంది. ఎవరో నిట్టూర్చారు. పెద్దమ్మ కుక్క కిటికీ కేసి చూస్తూ తోక ఊపింది. అది చూసి మరీ భయం వేసింది.

పాస్టరుగారు ఇక ఆగలేదు. "ఇది ధ్యానమా, దయ్యాల విందా? శుక్రవారం దాకా చూస్తా. కుర్చీ తీయకపోతే ధ్యానం గుడికి మార్చేస్తా."

పెద్దమ్మ ముఖం మొదటిసారి పాలిపోయింది. "గుడికైతే వాడు రాడయ్యగారూ."

"ఎవరమ్మా?"

ఆమె కుర్చీ చూపించింది. ఆయన చెమట తుడుచుకుని నన్ను పక్కకి పిలిచారు. "నువ్వు కళ్ళు తెరిచి చూడు. పేపరు విలేకరివి, ప్రార్థనలో ఆ పాపం నువ్వు చేస్తే పర్వాలేదు."

గురువారం చూశాను. కిటికీ అవతలి మసకలోంచి ఒక చెయ్యి లోపలికొచ్చింది. నరాలు తేలిన చెయ్యి, గోళ్ళలో ఎర్రటి కారం. గ్లాసు పట్టుకుంది. మెల్లగా లేచి పెరట్లోకి వెళ్ళాను. గోడకి ఆనుకుని, తల మీద తువ్వాలుతో బుల్లయ్య!

పోయినేడు నకిలీ విత్తనంతో ఊళ్ళో మిరపతోటలు భుజాలదాకా పెరిగాయి, కాయ లేదు. అధికారులొస్తే, ఊరంతా నమ్మే బుల్లయ్య విత్తనాల దుకాణదారు పక్షాన సంతకం పెట్టాడు, విత్తనం మంచిదే, వీళ్ళే నీళ్ళు పెట్టలేదని. రైతుల ఫిర్యాదు అక్కడితో పోయింది. అప్పటినుంచీ అతనితో ఎవరూ మాట్లాడరు, హోటల్లో టీ కూడా పొయ్యరు. పెద్దమ్మ రెండెకరాల పంటా ఆ విత్తనంతోనే పోయింది.

"నీకు ముందే తెలుసా?" అన్నాను అందరూ వెళ్ళాక.

"మరి చచ్చినోడికి పోస్తున్నాననుకున్నావా? నాకేం పిచ్చా?"

"లోపలికే పిలవొచ్చుగా!"

"బుల్లయ్యంటే మీరంతా లేచిపోతారు. దయ్యమంటే కూర్చున్నారు."

శుక్రవారం పాస్టరుగారు నోరు తెరవకముందే పెద్దమ్మ పెరటి తలుపు తీసింది. "రారా బుల్లయ్యా, కుర్చీ నీదే."

ఇద్దరు లేచారు. బుల్లయ్య కూర్చోలేదు. తువ్వాలు చేతుల్లో నలుపుతూ, "నేను పెట్టిన సంతకం అబద్ధం. ఆ అధికారుల దగ్గరికే వెళ్ళి ఆ మాట రాసిస్తా" అన్నాడు.

లేచిన ఇద్దరూ బయటికి వెళ్ళలేదు.

సోమవారం ఎనిమిది గంటల బస్సులో బుల్లయ్య దర్శిలో వ్యవసాయాఫీసుకి బయల్దేరాడు. పంట పోయిన రైతులు ముగ్గురు వెంట వెళ్ళారు. బస్సు నిండిపోయింది. ముగ్గురి సీటులో నలుగురూ ఇరుక్కుని కూర్చున్నారు.