అక్క దాహం

గాలి సోకిందనో, చేతబడి చేశారనో ఎవరైనా చెబితే ముందుగా నవ్వేది నేనే. రామచంద్రపురం హైస్కూల్లో సైన్సు చెప్పేవాణ్ణి. ప్రతిదానికీ ఒక కారణం ఉంటుంది, అది మనకి తెలియకపోవచ్చు, అంతే అని పిల్లలకి చెప్పేవాణ్ణి. నేనూ అదే నమ్మేవాణ్ణి. ఇప్పటికీ ఆ మాట పూర్తిగా వదులుకోలేదు. నేను దెయ్యాన్ని చూడలేదు. మా అక్కని చూశాను. చూసింది చూసినట్టు రాస్తున్నాను.

ఎనభైల మొదట్లో సంగతి. మా అక్క సుబ్బలక్ష్మిని పాలకొల్లులో ఇచ్చాం. బావగారు వెంకటరత్నం గారికి బజారులో బట్టల కొట్టు ఉండేది. భారీ మనిషి. నవ్వితే పక్క కొట్లోకి వినపడేది. పిల్లల్లేరు. ఆ లోటు బయటికి కనపడనివ్వకుండా ఇద్దరూ బాగానే బతికేవారు.

ఒకసారి ప్రొద్దుటూరు నుంచి చీరలు తెచ్చిన వ్యాపారి ఒకాయన మాటల్లో గండికోట గురించి చెప్పాడు. అక్కడ పెన్నానది కొండని రెండుగా కోసేసిందనీ, అంచున నిలబడి చూస్తే ఏరు ఎక్కడో పాతాళంలో దారంలా కనిపిస్తుందనీ, చుట్టూ చెట్టన్నది లేకుండా ఎర్రటి బండలేననీ చెప్పాడు. మేం పుట్టిపెరిగిన చోట ఎత్తైనదంటే ఏటిగట్టే. ఎటు చూసినా చేలు, కాలవలు, కొబ్బరి చెట్లు. బావగారికి ఆ మాట మనసులో పడిపోయింది.

దసరా, దీపావళి అమ్మకాలు అయ్యేదాకా కొట్టు వదలడానికి లేదు. కార్తీకంలో అయితే వానలు వెనకబడతాయి, ఎండా తగ్గుతుంది. అప్పుడు కారులో వెళదామని నిర్ణయించారు. ఆయన స్నేహితుడు ప్రకాశరావు గారికి ఒక అంబాసిడర్ ఉండేది. ప్రకాశరావు గారు, బావగారు, అక్క, నేను, డ్రైవరు సూరిబాబు. రోజూ కొట్టు కట్టేశాక మేడమీద రోడ్ల మ్యాపు పరుచుకునేవారు. బెజవాడ, గిద్దలూరు, నంద్యాల, అహోబిలం, అక్కణ్ణించి జమ్మలమడుగు మీదుగా గండికోట. ఎక్కడ పెట్రోలు పోయించాలి, ఏ సత్రంలో పడుకోవాలి, కొండల మీద ఎంత దూరం నడవగలం అని ఒకటే చర్చ. నడక అలవాటు కావాలని బావగారు కాన్వాసు బూట్లు కొనుక్కుని పొద్దున్నే కాలవగట్టు మీద నడిచేవారు. పంచె మీద ఆ బూట్లు చూసి ఊరంతా నవ్వింది. ఆయనా నవ్వారు. భుజాన తగిలించుకునే నీళ్ల సీసాలు రాజమండ్రి నుంచి మనిషికొకటి తెప్పించారు.

ప్రయాణం ఖాయమైన రోజుల్లోనే అక్కకి దాహం మొదలైంది.

మొదట ఎవరూ పట్టించుకోలేదు. తర్వాత చెంబులకి చెంబులు తాగడం మొదలుపెట్టింది. తాగిన నిమిషానికే మళ్లీ నోరు ఎండిపోయేది. నేను సెలవు పెట్టి పాలకొల్లు వెళ్లేసరికి పెదాలు పగిలి నెత్తురు కారుతున్నాయి. నీళ్లు తాగిన వెంటనే నాలుక చాపమని చూశాను. తడి లేదు. అది నా కళ్లతో చూశాను.

భీమవరంలో డాక్టరుకి చూపించాం. మధుమేహమేమో అన్నారు. రక్తం, మూత్రం పరీక్షలు చేస్తే షుగరు లేదు. మనసులో ఏదైనా దిగులుందేమో కనుక్కోమని నన్ను పక్కకి పిలిచి చెప్పారు.

ఒక మధ్యాహ్నం వంటింటి గడప మీద కూర్చుని అక్క నాతో అంది. "నీళ్లు కింద కనపడుతున్నాయిరా తమ్ముడూ. చెయ్యి చాపితే అందట్లేదు."

"ఎక్కడక్కా?" అన్నాను.

"ఏమో. కళ్లు మూసుకుంటే చాలు."

ఆ సాయంత్రం బావగారితో, "మీరు వెళ్లొద్దండీ" అంది.

ఆయన నొచ్చుకున్నారు. "నీకు బాగోలేకపోతే నువ్వు రాకు. మీ తమ్ముణ్ణి తోడుంచి వెళతాను. పుట్టి బుద్ధెరిగాక ఒక్కసారి ఊరు దాటి చూడాలనుకుంటే, దానికీ అడ్డమేనా ఏంటి?"

అక్క చెంబు తీసుకుని నూతి దగ్గరికి వెళ్లిపోయింది. మొగుణ్ణి ఆపడానికి ఈ జబ్బు తెచ్చిపెట్టుకుందని ఇంట్లో వాళ్లు చాటుగా అనుకున్నారు. నాకూ అలాంటి అనుమానమే ఉండేది. కానీ నాలుక ఎండబెట్టుకోవడం ఎవరి చేతుల్లో ఉంటుంది?

కారు వెళ్లింది. నేను ఉండిపోయాను.

రెండు రోజులు పరవాలేదు. మూడోనాడు మధ్యాహ్నం నుంచి అక్కని పట్టుకోలేకపోయాం. బిందె ఎత్తి తాగేది. మంచం మీద పడి మూలిగేది, మళ్లీ లేచేది. గొంతు పూడుకుపోయి మాట రాలేదు. తెల్లార్లూ తడిగుడ్డ నోటికి అద్దుతూ కూర్చున్నాను. కళ్లు లోపలికి పోయాయి. కళ్లెదుట బిందెడు నీళ్లు తాగిన మనిషి ఎండలో పడేసిన ఆకులా అయిపోయింది. పొద్దున్నే రిక్షా పిలిపించి ఆసుపత్రికి తీసుకెళ్లాలని బట్టలు సర్దుతున్నాను.

అప్పుడు అక్క చేతిలో చెంబు కింద పెట్టింది. మూతి తుడుచుకుంది.

"ఇక చాలురా" అంది. మామూలు గొంతుతోనే అంది.

పెదాలు తడిగా ఉన్నాయి. గోడకి జారబడి అలాగే నిద్రపోయింది. ఎంత సంతోషించానో చెప్పలేను. రిక్షా అబ్బిని వెనక్కి పంపేశాను.

మధ్యాహ్నం ఎదురు కొట్టు ఫోనుకి జమ్మలమడుగు నుంచి ట్రంకాల్ వచ్చింది. ప్రకాశరావు గారు ఏడుస్తున్నారు.

గండికోట చేరాక, అంచు మీద నుంచి చూడగానే బావగారు ఏటి దాకా దిగి చూసొస్తానన్నారట. ప్రకాశరావు గారికి మోకాళ్ల నొప్పి. వద్దంటున్నా వినకుండా బావగారు ఒక్కరే బండల మధ్య దిగారు. సగం దూరంలో రాయి జారి, అరుగులాంటి బండ మీద పడ్డారు. కాలు విరిగింది. పైకి రాలేరు, కిందికి పోలేరు. పైనుంచి చూస్తే కనిపించే చోటు కాదు. ఆయన కేకలు మాత్రం వినిపించాయి. ఆ లోయలో కేక ఏ గోడ నుంచి వస్తోందో తెలియదు. సాయంత్రం దాకా, మళ్లీ తెల్లవారాక, మేకలు కాసేవాళ్లతో కలిసి వెతికారు. పొద్దెక్కాక కేకలు ఆగిపోయాయి. ఆ తర్వాతే మనిషి దొరికారు. ఆయన పడి ఉన్న బండకి సూటిగా కిందే ఏరు.

నెత్తురు పోవడం, ఎండ, నీళ్లు లేకపోవడం అని అక్కడి డాక్టరు చెప్పారు.

ఇంతవరకూ అయితే ఏదో ఒకటి చెప్పి సమాధానపడేవాణ్ణేమో. మొగుడి మీద బెంగతో అక్క ఒళ్లు పాడుచేసుకుందనుకునేవాణ్ణి. మిగిలింది కాకతాళీయం అనుకునేవాణ్ణి.

కర్మకాండలు అయ్యాక ప్రకాశరావు గారు నన్ను అరుగు మీదకి పిలిచి గొంతు తగ్గించి చెప్పారు. "దారిపొడుగునా మీ బావగారు చుక్క నీళ్లు ముట్టలేదండి. అహోబిలం కొండెక్కి దిగాక మేమందరం సీసాలు ఖాళీ చేశాం. ఆయన సీసా మూత కూడా తియ్యలేదు. ఏంటండీ అంటే, ఏమో ప్రకాశం, ఈ మధ్య దాహమే వెయ్యట్లేదు, కులాసాగా ఉంది అన్నారు. లోయలోకి దిగేటప్పుడు సీసా పట్టుకెళ్లమని నేనే చేతికిచ్చానండి. నాకెందుకు ఆ బరువు అని కారులో పడేశారు."

సూరిబాబుని అడిగాను. అదే చెప్పాడు. ప్రయాణానికి ముందు, ఇంట్లో భోజనం దగ్గర బావగారు గ్లాసు ఎత్తిన జ్ఞాపకం కోసం చాలా వెతుక్కున్నాను. ఒక్కటీ రాలేదు. అయితే అలాంటివి ఎవరు గమనిస్తారు?

ఆయన దాహం అక్క మోసిందా? మోసి, ఆయన్ని కొన్ని రోజులు సుఖంగా ఉంచిందా? లేక ఆ దాహం ఆయన దగ్గరే ఉండిపోయి ఉంటే, అందరిలాగే సీసా భుజాన వేసుకుని దిగి, ఆ పొద్దున దొరికే వేళకి ప్రాణంతో ఉండేవారా? ఇలాంటి ప్రశ్న వేసుకోవడమే తప్పని సైన్సు మేష్టారుగా నాకు తెలుసు. అయినా వేసుకోని రోజు లేదు.

అక్క చాలా ఏళ్లు బతికింది. ఆ రోజుల ఊసు ఎత్తేది కాదు. ఒక్కసారి మాత్రం, పప్పు రుబ్బుతూ రుబ్బుతూ ఆగి, నా వైపు చూడకుండా అడిగింది. "మీ బావగారి దగ్గర ఆఖర్న నీళ్లున్నాయా?"

"ఉన్నాయక్కా" అన్నాను.

తలాడించింది. మళ్లీ రుబ్బడం మొదలుపెట్టింది. ఆవిడ నమ్మిందో లేదో కూడా నాకు తెలియదు.